శనివారం ఎనిమిది గంటలు: టెక్సస్ హెల్త్ కవరేజీలో ఒక కేస్ స్టడీ

డాలస్ శివార్లలో ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో ఇన్సూరెన్స్ నేవిగేటర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లకు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా), మార్కెట్‌ప్లేస్ (ఆదాయాన్ని బట్టి ప్రభుత్వ సబ్సిడీతో ప్రైవేటు ఇన్సూరెన్స్ కొనుక్కునే చోటు, అందరూ ఒబామాకేర్ అనేది దీన్నే) అప్లికేషన్లు ఉచితంగా నింపిపెట్టడం, వచ్చిన ఉత్తరాలకు అర్థం చెప్పడం, తిరస్కరిస్తే అప్పీలు రాయించడం నా పని. ఈ కేసులో ఇద్దరున్నారు. ఇద్దరి పేర్లూ మార్చాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. వాళ్ల ఫైళ్లు రెండూ రెండేళ్ల పాటు నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపి చదవాలని మాత్రం నాకు చాలా ఆలస్యంగా తోచింది.

సరోజ గారు 2023 నవంబర్లో మొదటిసారి వచ్చారు. అప్పటికి ఆమెకు 58 ఏళ్లు, తెనాలి దగ్గర ఊరు. భర్త పోయాక, అమెరికన్ సిటిజన్ అయిన కూతురు స్పాన్సర్ చేస్తే 2022లో గ్రీన్ కార్డుతో వచ్చి ఇర్వింగ్‌లో కూతురి ఇంట్లో ఉంటున్నారు. కారల్టన్‌లో ఒక తెలుగు కేటరింగ్ కిచెన్‌లో వారానికి పాతిక గంటల లోపు పని. పూర్ణాలు, గారెలు, పప్పుచారు ఆమె చేతి మీదే. గంటకు 11 డాలర్లు, పేచెక్ మీదే జీతం.

సంచీలోంచి ఒక స్టీలు డబ్బా తీసి నా ముందు పెట్టారు. మూత తీస్తే గ్లైకోమెట్ (షుగరు మాత్రల) స్ట్రిప్పులు, బీపీ మాత్రలు, రబ్బరు బ్యాండు వేసిన చీటీలు. ఊరి నుంచి ఎవరు వస్తుంటే వాళ్ల సూట్‌కేసులో తెప్పించుకున్నవి. కొన్ని స్ట్రిప్పుల్లో మాత్రలు సగానికి విరిచి ఉన్నాయి. "నెల రోజులవి రెండు నెలలు రావాలిగా అమ్మాయ్" అన్నారు. ఎడమకాలి బొటనవేలి కింద పుండు మూడు వారాలుగా మానడం లేదని కూతురు చెబితే గానీ బయటపడలేదు. మా క్లినిక్ నర్సు చూసింది. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 10.4 వచ్చింది, చాలా ఎక్కువ.

"మన ఆరోగ్యశ్రీ కార్డు లాంటిది ఇక్కడ లేదా?" అని అడిగారు. తెల్లకార్డున్న ఇంటి నుంచి వచ్చిన మనిషి, అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఉంది, దాని పేరు మెడికెయిడ్, కానీ మీకు రాదు అని చెప్పాల్సి వచ్చింది. 1996 ఆగస్టులో క్లింటన్ సంతకం చేసిన చట్టం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చిన వయోజనుల్లో చాలామందికి మొదటి ఐదేళ్లు మెడికెయిడ్ ఇవ్వరు. టెక్సస్ అయితే ఐదేళ్లు దాటినా, పదేళ్ల పాటు పనిచేసి పన్ను కట్టిన లెక్క చూపించమంటుంది. అవన్నీ ఉన్నా, పిల్లలు ఎదిగిపోయిన మామూలు మనిషికి ఇక్కడ మెడికెయిడ్ లేనే లేదు. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

సరోజ గారికి ఇంకో దారి ఉంది. 2010లో ఒబామాకేర్ చట్టం రాసినవాళ్లు, దారిద్ర్య రేఖకు 138 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్లందరికీ మెడికెయిడ్ వస్తుందనుకున్నారు. అందుకే మార్కెట్‌ప్లేస్ సబ్సిడీని దారిద్ర్య రేఖకు 100 శాతం దగ్గర మొదలుపెట్టారు. అంతకన్నా తక్కువ సంపాదించేవాళ్లు ఎలాగూ మెడికెయిడ్‌లో ఉంటారని. గ్రీన్ కార్డు ఉండి, ఐదేళ్ల నిబంధన వల్ల మెడికెయిడ్ రాని పేదవాళ్లు మాత్రం మధ్యలో పడిపోతారని గమనించి ఒక మినహాయింపు రాశారు: అలాంటివాళ్లకు ఆదాయం రేఖ కింద ఉన్నా సబ్సిడీ ఇవ్వొచ్చు. సరోజ గారికి పనికొచ్చింది ఆ మినహాయింపే.

మా దగ్గరికి రాకముందు ఒక ఏజెంటు ఆమె అప్లికేషన్ మొదలుపెట్టి, ఆదాయం 15,500 డాలర్లని రాశాడు. అసలు అంచనా 12,900. ఒక మనిషికి ఆ ఏడాది దారిద్ర్య రేఖ, అంటే సబ్సిడీ మొదలయ్యే గీత, 14,580. గీత దాటించకపోతే సబ్సిడీ రాదన్నాడట. ఆమె విషయంలో ఆ అబద్ధం అక్కర్లేదు కూడా. ఆ చట్టం కింద ఒక మినహాయింపు ఉందని అతనికి తెలియదు, అంతే. ఇలాంటి ఫైళ్లు నాకు చాలానే వస్తాయి. సంతకం చేసేది ఏజెంటు కాదు, అప్లికెంటు. తప్పని తెలిసి రాశారని తేలితే డబ్బు వెనక్కి కట్టవలసింది వాళ్లే.

ఆదాయం సరిదిద్దాం. గ్రీన్ కార్డు మీది ఎ-నంబరు, కార్డు నంబరు ఎక్కించాం. ఇమిగ్రేషన్ కారణంగా మెడికెయిడ్ రాలేదా అన్న ప్రశ్నకు అవునని పెట్టాం. ఆ ఒక్క గడి తప్పు నొక్కితే సిస్టం మనిషిని మెడికెయిడ్‌కు పంపుతుంది, మెడికెయిడ్ కాదంటుంది, వారాలు గడిచిపోతాయి. 2024 జనవరి 1 నుంచి సిల్వర్ ప్లాన్ (మార్కెట్‌ప్లేస్‌లో మధ్యస్థాయి బీమా) వచ్చింది. ప్రీమియం సున్నా, డాక్టరు దగ్గర కట్టేది నామమాత్రం. మార్చి నాటికి పుండు మానింది. ఏడాది చివరికి షుగరు సగటు 7.6కి దిగింది. స్టీలు డబ్బాలో ఇప్పుడు కుట్టుపని సామాను పెట్టుకుంటున్నారు.

కూతురికి మాత్రం ఒకటే టెన్షన్: అమ్మ సబ్సిడీ తీసుకుంటే రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డం వస్తుందా అని. గ్రీన్ కార్డు చేతిలో ఉన్న మనిషి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు పబ్లిక్ చార్జ్ పరీక్ష (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసేది) ఉండదు. పైగా 2022 నాటి నిబంధనలో మార్కెట్‌ప్లేస్ సబ్సిడీని ఆ లెక్కలోకి తీసుకోనే తీసుకోరు. ఈ రెండు ముక్కలూ తెలియక పుండ్లతో, గుండెనొప్పితో ఇంట్లో కూర్చున్న అమ్మానాన్నల్ని మన తెలుగు ఇళ్లలో చూశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన ఇళ్లలో ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. 2025 వసంతంలో కూతురి ట్యాక్సులు చేసిన మనిషి, అలవాటు కొద్దీ సరోజ గారిని డిపెండెంట్‌గా వేసేశాడు. అంతకుముందు ఏళ్లలో ఆమెకు ఆదాయం లేదు, లేదా చాలా తక్కువ కాబట్టి అప్పుడది సరే. 2024లో ఆమె సంపాదన 13 వేలకు దగ్గర. డిపెండెంట్‌గా చూపాలంటే ఆ ఏడాది 5,050 డాలర్లు దాటకూడదు. కూతురి రిటర్న్‌లోకి తల్లి వెళ్లిందంటే మార్కెట్‌ప్లేస్ లెక్కలో కూతురి జీతం కూడా కలుస్తుంది, సబ్సిడీ మొత్తం ఎగిరిపోతుంది. రిటర్న్ సవరించి వేయించి, సరోజ గారి పేరున వేరే రిటర్న్, దాంతో పాటు 8962 ఫారం (తీసుకున్న సబ్సిడీని అసలు ఆదాయంతో సరిచూసేది) పంపించేసరికి జూన్ వచ్చింది. 13 వేల ఆదాయానికి మామూలుగా రిటర్న్ వేయక్కర్లేదు. సబ్సిడీ తీసుకున్నవాళ్లు మాత్రం తప్పకుండా వేయాలి.

ఇక రెండో ఫైలు.

2023 డిసెంబర్లో సరోజ గారు తోడుగా ఒకావిడను తీసుకొచ్చారు. డెనీస్ అని పిలుస్తాను. 52 ఏళ్లు, నల్లజాతి మహిళ, తూర్పు టెక్సస్‌లో పుట్టి పెరిగింది. అదే కిచెన్‌లో గిన్నెలు కడగడం, కూరగాయలు తరగడం. కాలిన్ కౌంటీలో అక్క ఇంట్లో ఒక గది. పిల్లలిద్దరూ పెద్దవాళ్లై వేరే ఊళ్లలో ఉన్నారు. ఏడాదికి 12,700 డాలర్లు. బీపీ ఉంది, మోకాళ్లు బాగా లేవు. "మిస్ సరోజకి వచ్చిందిగా, నాకూ చెయ్యి" అంది.

అప్లికేషన్ నింపాను. ఫలితం పదిహేను నిమిషాల్లో వచ్చింది. మెడికెయిడ్ లేదు, సబ్సిడీ లేదు.

ఆమె ముఖంలోకి చూసి కారణం చెప్పడం నా పనిలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. 2012 జూన్ 28న సుప్రీం కోర్టు, మెడికెయిడ్‌ను పేద వయోజనులందరికీ విస్తరించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టమని తీర్పు చెప్పింది. టెక్సస్ వద్దంది. విస్తరణతో చేరేవాళ్ల ఖర్చులో 90 శాతం కేంద్రమే ఇస్తున్నా ఇప్పటికీ వద్దనే అంటోంది. ఇక్కడ పిల్లలున్న తల్లికి కూడా, ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉంటే నెలకు సుమారు 230 డాలర్లు మించి సంపాదిస్తే మెడికెయిడ్ రాదు. పిల్లలు ఎదిగిపోయిన డెనీస్ లాంటి మనిషికి, వికలాంగురాలని తేలితే తప్ప, ఆదాయం సున్నా అయినా రాదు. ఇక సబ్సిడీ గీత దగ్గర మొదలవుతుంది, ఆమె గీతకు 1,880 డాలర్లు కింద ఉంది. వలస వచ్చినవాళ్ల కోసం రాసిన మినహాయింపు ఆమెకు వర్తించదు, ఆమె ఇక్కడే పుట్టింది కాబట్టి.

ఒకే వంటింట్లో, ఒకే గంట కూలికి, గిన్నె ఒకరు కడిగితే ఒకరు వండే ఇద్దరు. ఎక్కువ సంపాదిస్తున్న మనిషికి సాయం అందింది, తక్కువ సంపాదిస్తున్న మనిషికి అందలేదు. సరోజ గారికి అందినది ఎక్కువేమీ కాదు. కాలు తీసేసే స్థితి రాకుండా ఆపింది ఆ ప్లానే. అన్యాయం డెనీస్‌కు అందకపోవడంలో ఉంది. డెనీస్ అడిగిన ప్రశ్నలో సరోజ గారి మీద అసూయ ఇసుమంత కూడా లేదు. "ఓక్లహోమాలో నా చెల్లెలికి ఉంది. నాకెందుకు లేదు?" అంతే.

నిజమే. ఇక్కడి నుంచి గంటన్నర ఉత్తరానికి డ్రైవ్ చేసి రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా. 2020 జూన్ 30న అక్కడి జనం ఓటేసి మెడికెయిడ్ విస్తరణ తెచ్చుకున్నారు. లూసియానా 2016లో తెచ్చుకుంది. ఆర్కన్సా, న్యూ మెక్సికో అంతకంటే ముందే. టెక్సస్‌కు ఉన్న నాలుగు ఇరుగుపొరుగు రాష్ట్రాల్లోనూ ఉంది. టెక్సస్‌లో జనం సంతకాలు సేకరించి ఇలాంటి ప్రశ్నను నేరుగా బ్యాలెట్ మీదికి తెచ్చే ఏర్పాటే లేదు. దేశం మొత్తం మీద ఇలా మెడికెయిడ్‌కూ సబ్సిడీకీ మధ్య పడిపోయినవాళ్లు సుమారు 14 లక్షల మంది ఉంటే, అందులో ఐదింట రెండు వంతులు టెక్సస్‌వాళ్లే. ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతంలోనూ రాష్ట్రాలన్నింటిలో మొదటి స్థానం మాదే. 16 శాతం పైన, దేశ సగటుకు రెట్టింపు.

ఆ రోజు డెనీస్‌తో నేను అన్న మాట ఫైల్లో నా చేతిరాతలోనే ఉంది: "ఆదాయం పెరిగితే మళ్లీ రమ్మని చెప్పాను." ఫైలు మూసేశాను. నెలనెలా తక్కువ ఫీజుకి మా క్లినిక్‌లో బీపీ చూపించుకునే ఏర్పాటు చేశాను. దాంతో నా బాధ్యత తీరిందనుకున్నాను. అది తప్పు. ఆ 1,880 డాలర్లు ఎన్ని గంటల పని, ఆ గంటలు ఎక్కడైనా ఉన్నాయా అని అడగలేదు. అడగడం నా ఉద్యోగంలో భాగమని అప్పుడు అనుకోలేదు.

2025 ఫిబ్రవరిలో ఆమెకు ముక్కు నుంచి రక్తం ఆగకుండా కారింది. బీపీ 210 మీద 120. అక్క ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. 1986 చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా ఎమర్జెన్సీలో చూసి, ప్రాణాపాయం తప్పించాలి. చూశారు, తగ్గించారు, చీటీ రాసి ఇంటికి పంపారు. 6,800 డాలర్ల బిల్లు వచ్చింది. ఆ చట్టం అంతవరకే. మర్నాటి మాత్రల సంగతి, కిడ్నీ పరీక్షల సంగతి దానికి పట్టవు.

ఆ బిల్లు మీద నాలుగు నెలలు పోరాడాం. లాభాపేక్ష లేని ఆసుపత్రులు పేదవాళ్లకు ఆర్థిక సాయం విధానం పెట్టుకుని తీరాలి. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా ఆ సాయానికి అప్లై చేసుకోవచ్చు. చాలామందికి ఇది తెలియదు, బిల్లింగ్ కౌంటర్లో అడగనిదే చెప్పరు. ఈ ఆసుపత్రి పేరు రాయను. మూడుసార్లు ఫారం అందలేదన్నారు. నాలుగోసారి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే మాఫీ అయింది. ఆమె ఇర్వింగ్‌లో సరోజ గారి వీధిలోనే ఉండి ఉంటే ఇదంతా ఇంకోలా ఉండేది. ఇర్వింగ్ ఉన్న డాలస్ కౌంటీకి పార్క్‌లాండ్ ఉంది. 1894 నుంచి ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి. కౌంటీవాసులకు ఆదాయాన్ని బట్టి సాయం చేస్తుంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనుక్కునే ఫ్రిస్కో, ప్లేనో వైపున్న కాలిన్ కౌంటీకి అలాంటి సొంత ఆసుపత్రి లేదు. దేశం గీత, రాష్ట్రం గీత, చివరికి కౌంటీ గీత. డెనీస్ మూడింటికీ అవతలే పడింది.

2025 జూలై 4న కొత్త చట్టం మీద సంతకం పడింది. పేజీలు తిరగేస్తూ సరోజ గారి మినహాయింపు కోసం వెతికాను. తీసేశారు. 2026 జనవరి 1 నుంచి, దారిద్ర్య రేఖ కింద ఉండి ఇమిగ్రేషన్ కారణంగా మెడికెయిడ్ రాని గ్రీన్ కార్డు మనిషికీ సబ్సిడీ లేదు. 2027 నుంచి హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఎంత ఆదాయమున్నా సబ్సిడీ ఉండదు. కరోనా కాలంలో పెంచిన అదనపు సబ్సిడీలు కూడా 2025 డిసెంబర్ 31తో అయిపోయాయి. అదే ఏడాది నేవిగేటర్ల నిధులు సుమారు 10 కోట్ల డాలర్ల నుంచి ఒక కోటికి కోసేశారు. మా బృందంలో ఐదుగురం ఉండేవాళ్లం, ఇద్దరం మిగిలాం.

ఇద్దరు స్త్రీల మధ్య ఉన్న తేడాను చట్టం అలా చెరిపేసింది. డెనీస్‌ను పైకి తీసి కాదు, సరోజ గారిని కిందికి నెట్టి. దీన్ని సమానత్వం అంటే నేను ఒప్పుకోను. గోతిలో ఒకరుంటే ఇంకొకరిని కూడా అందులోకి తోసి ఇద్దరూ సమానమే అన్నట్టుంది.

నవంబర్లో సరోజ గారు మార్కెట్‌ప్లేస్ నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకొచ్చారు. ఒకవైపు ఇంగ్లిషు, ఇంకోవైపు స్పానిష్. కాల్ సెంటర్లో తెలుగు దుబాసీని ఉచితంగా అడగొచ్చని ఆమెకు నేర్పాను కాబట్టి సగం అర్థమై వచ్చారు. "రేఖ పైకి వెళ్తేనే ఇస్తారటగా. వెళ్తే ఎంత వెళ్లాలి?" అన్నారు. ఆ ప్రశ్నే నన్ను లేపింది. డెనీస్ ఫైలు కూడా తీశాను.

2026 కవరేజీకి ఒక మనిషి గీత 15,650 డాలర్లు. సరోజ గారి అంచనా 14,200. తక్కువైంది 1,450, అంటే గంటకు 11 చొప్పున సుమారు 132 గంటలు. డెనీస్ అంచనా 12,700. తక్కువైంది 2,950, అంటే సుమారు 268 గంటలు. రెండూ కలిపితే 400. ఏడాదికి 50 శనివారాలు అనుకుంటే శనివారానికి ఎనిమిది గంటలు.

గీత దాటితే మామూలు సిల్వర్ ప్లాన్‌కు ఆదాయంలో 2.1 శాతం, నెలకు 27 డాలర్ల చిల్లర కట్టాలి. దాటకపోతే 60 ఏళ్ల మనిషికి అదే ప్లాన్ నెలకు వెయ్యి డాలర్ల పైనే. ఏడాది మొత్తం మీద ఒక్క డాలరు ఇటూ అటూ అయితే వచ్చే తేడా అది.

కిచెన్ ఓనర్‌తో మాట్లాడటానికి ఇద్దరూ అనుమతి ఇచ్చారు. డిసెంబర్ మొదటి సోమవారం మధ్యాహ్నం, భోజనాల ఆర్డర్లు వెళ్లిపోయాక, బియ్యం బస్తాల పక్కన స్టూళ్ల మీద నలుగురం కూర్చున్నాం. కాగితం మీద లెక్క చూపించాను. అతను ఆర్డర్ల పుస్తకం తిరగేశాడు. శనివారాలు మనిషి కావాలి, కానీ ఒకరికే ఎనిమిది గంటల పని ఉంది, ఇద్దరికి కాదు అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సరోజ గారు కాగితం తన వైపు లాక్కుని, వచ్చీరాని ఇంగ్లిషులో, వేలితో చూపిస్తూ పంచారు: మూడు శనివారాల్లో రెండు డెనీస్‌వి, ఒకటి తనది. "ఆమెకు ఎక్కువ కావాలి కదమ్మా" అని నాతో తెలుగులో అన్నారు. నేను డెనీస్‌కు చెప్పాను. డెనీస్ తన మోకాలు చూపించి, నిలబడి చేసే పని ఎనిమిది గంటలు వరసగా చేయలేనంది. కూరగాయలు తరగడం కూర్చుని చేసేలా ఓనర్ ఒప్పుకున్నాడు.

అతను ఒక లేఖ రాసిచ్చాడు: 2026లో ఈ ఇద్దరికీ ఇన్ని గంటల పని ఇవ్వాలనుకుంటున్నాను అని. ఆ లేఖే ఈ కేసులో అసలైన కాగితం. నిజాయతీగా వేసిన అంచనా తర్వాత పరిస్థితుల వల్ల తగ్గితే నిబంధనల్లో కొంత రక్షణ ఉంది. కావాలని పెంచి రాస్తే లేదు. ఆ ఏజెంటు రాసిన 15,500కీ మేము రాసిన 15,650కీ మధ్య తేడా ఈ లేఖే. డిసెంబర్ 15 లోపు ఇద్దరివీ సబ్మిట్ చేశాం. జీవితంలో మొదటిసారి చేతికొచ్చిన ఇన్సూరెన్స్ కార్డును డెనీస్ బైబిల్లో పెట్టుకుంది. కిడ్నీ పరీక్షలు జనవరిలోనే చేయించాం. కొంచెం దెబ్బతిన్నది, మందులతో నిలపవచ్చన్నారు. అదే పరీక్ష 2024లో జరిగి ఉండాల్సింది.

ఇది పరిష్కారం అని నేను చెప్పను. శనివారాల్లో పని ఉన్న కిచెన్, పుస్తకం తెరిచి చూపించిన ఓనర్, పంచుకోవడానికి ఒప్పుకున్న ఇద్దరు స్త్రీలు కలిసొచ్చారు. నా దగ్గరికొచ్చే మిగతావాళ్లకు ఇవేవీ లేవు. నిలబడలేనివాళ్లున్నారు, మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ గంట కూడా బయటికి రాలేనివాళ్లున్నారు. ఎక్కువ సంపాదిస్తేనే పేదరికానికి సాయం అందే ఏర్పాటులో వాళ్లకు నేను ఇంకా "రాదు" అనే చెబుతున్నాను. కాకపోతే ఇప్పుడు ఆ మాట చెప్పే ముందు ఎన్ని గంటలు తక్కువో లెక్క వేస్తున్నాను. వేశాక, ఆ గంటలు ఎక్కడున్నాయో కూడా వెతుకుతున్నాను.

నెలకోసారి ఇద్దరూ పే స్టబ్బులు తెస్తారు. జనవరిలో రోడ్ల మీద ఐసు కట్టి ఒక శనివారం పోయింది. ఫిబ్రవరిలో ఒక గృహప్రవేశం ఆర్డరు రద్దయి ఇంకొకటి పోయింది. పోయిన పదహారు గంటలూ డెనీస్ స్టబ్ వెనక పెన్సిలుతో రాసుకుంది. ఉగాది వారంలో ఆరు గంటలు కొట్టేసింది. ఇంకా పది ఉన్నాయి. మేలో రెండు పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చాయని ఓనర్ చెప్పాడట.